అంతర్జాతీయ గొడుగు

ఆ రోజు పొద్దున్న గొడుగులాయన వేసుకున్న కార్యక్రమం పెద్దదేమీ కాదు. టీ తాగాలి. కొట్టు తీసి, మిగిలిపోయిన గొడుగులకు పిడులు బిగించాలి. సాయంత్రం బావమరిది దగ్గరికి వెళ్ళి "సరేరా, నువ్వన్నట్టే కానీ" అనేసి రావాలి. వచ్చి పడుకోవాలి. ఈ మొత్తంలో ఆయన మనస్ఫూర్తిగా చేయాలనుకున్నది ఆ చివరి పని ఒక్కటే. మనిషికి నలభై దాటాక అలసట వస్తుందంటారు. ఈయనకు అలసటే ముందొచ్చింది, నలభై తీరిగ్గా తర్వాత వచ్చాయి.

బావమరిది అన్నదేమిటంటే, కొట్టు మూసేసి తన రెయిన్‌కోట్ల గోడౌనులో సూపర్‌వైజరుగా కూర్చోమని. నెల తిరిగేసరికి జీతం, తల మీద ఫ్యాను, కింద కుర్చీ. వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఊహ తెలిసినప్పటి నుంచీ గొడుగు తప్ప మరో ధ్యాస లేని మనిషి ఆయన. రెయిన్‌కోటు వేసుకున్నవాడు దారిలో ఎదురైతే మొహం పక్కకు తిప్పుకునే రకం. "ప్లాస్టిక్ సంచీలో దూరి నడవడం కూడా ఒక నడకేనా?" అనేవాడు. ఇప్పుడు ఆ సంచీల మధ్యే కూర్చోవాలి. ఆ మాట విన్న దగ్గర్నుంచీ పాపం ఆయనకు ముద్ద దిగడం లేదు.

అలాగని భార్యను అనడానికీ లేదు. గొడుగు గుడ్డ కత్తిరించేది ఆయన, కుట్టేది ఆవిడ, ఊచలకు బిగించేది మళ్ళీ ఆయన. కొట్టు ముందు నుంచి రోజూ వీధంతా నడిచి వెళ్తుంది గానీ ఒక్క కాలు లోపలికి తిరగదు. చూసి చూసి, పోయిన వానాకాలంలో ఆవిడ తమ్ముడే పూనుకుని ఆన్‌లైన్లో ఒక కొట్టు తెరిచిపెట్టాడు. ఆర్డర్లు అతని ఫోనుకే వస్తాయి. "బావా, ఇవాళ నాలుగు" అంటాడతను. ఈయన నాలుగు గొడుగులు పాత న్యూస్‌పేపర్లో చుట్టి పెడతాడు. సాయంత్రం గోడౌను వ్యాను వచ్చి పట్టుకుపోతుంది. చిరునామాల చీటీలు అంటించడం, పంపించడం అంతా అక్కడి కుర్రాళ్ళ పనే, బావమరిది కూడా వాటి మొహం చూడడు. ఎవరు కొంటున్నారో, ఏ ఊరు పోతున్నాయో ఈయనకు తెలీదు. అడిగే ఓపికా లేదు.

ఆర్డర్లకు లోటు లేదు. కానీ నెలాఖరుకు చేతికొచ్చేది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఆవిడ విసిగిపోయింది. "ఈ నెల చూసి మూసేద్దామండీ. ఇద్దరం ఇంత నడుములు పడిపోయేలా చేసి ఎవర్ని ఉద్ధరిస్తున్నాం?" అంది. ఆ నెల నిన్నటితో అయిపోయింది.

సరే, ఎలాగూ మూసేస్తున్నాం, ఈ డబ్బంతా ఎటు కారిపోతోందో ఒక్కసారి చూద్దామనుకున్నాడు గొడుగులాయన. బావమరిది నెలనెలా పంపే లెక్క ఫోనులో తెరవకుండా పడి ఉంది. తెరిచాడు. కళ్ళజోడు పైకి జరిపాడు, కిందికి జరిపాడు. ప్రతి గొడుగు కిందా ఒకటే ముక్క.

"అంతర్జాతీయ రుసుమా? ఇదెక్కడి పీడరా బాబూ!" అని పైకే అనేశాడు.

అనకుండా ఉండాల్సింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ తడి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఏమన్నారూ? అంతర్జాతీయమా?"

"రుసుమే. ప్రతి గొడుగుకీ కోసేస్తున్నారు."

"అంటే మన గొడుగులు విదేశాలకెళ్తున్నాయా?"

"గొడుగుల సంగతేమో గానీ డబ్బులు మాత్రం వెళ్తున్నాయి."

ఆవిడకు రెండో సగం వినిపించలేదు. అప్పటికే తమ్ముడికి ఫోను కలిపేసింది. ఈ తమ్ముడు ఎలాంటివాడంటే, తెలీదు అనే మాట అతని నోట్లోంచి ఇంతవరకూ ఎవరూ వినలేదు. దారి అడిగితే తెలియని ఊరికైనా చెప్పేస్తాడు. అటు నుంచి ముందు కీబోర్డు టకటకలు వినిపించాయి. ఎక్కడో చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

"ఆ... అవునక్కా! అమ్మేవాళ్ళదీ కొనేవాళ్ళదీ వేరే వేరే దేశాలైతేనే ఆ ఫీజు వేస్తారట. ప్రతి గొడుగుకీ వేశారంటే ప్రతి గొడుగూ విదేశానికే. నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నానుగా."

అతను మొదట్నుంచీ ఏమీ అనలేదు. కానీ ఆవిడ మొహం చూశాక గొడుగులాయనకు ఆ సంగతి ఎత్తబుద్ధి కాలేదు. ఆ మొహంలో అలాంటి నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! ఆవిడ చేతులు చీర కొంగుకు తుడుచుకుని, మూలన కత్తిరించి పెట్టిన గొడుగు గుడ్డను కొత్త వస్తువును చూసినట్టు చూసింది.

"ఏమండీ, ఇంక కొట్టు మూసే మాట ఎత్తకండి. వింటున్నారా?"

మూసే మాట ఎత్తింది ఎవరో గుర్తు చేయడానికి ఆయనేం వెర్రివాడు కాదు. "అలాగే" అన్నాడు. లోపల ఆయనకు ఎగిరి గంతేయాలనిపించింది. ఓపిక లేక మానుకున్నాడు. సాయంత్రం గోడౌనుకు వెళ్ళే పని తప్పిపోయింది కనుక మధ్యాహ్నమే పడుకోవచ్చని కూడా ఆశపడ్డాడు.

అయితే ఆవిడ ఆ సంగతి కుళాయి దగ్గర ఒక్క మనిషితో చెప్పింది. ఒక్క మనిషితోనే. మధ్యాహ్నానికల్లా షాపు ఓనరు కొట్టు గుమ్మంలో నిలబడి, గోడలను కొత్తగా చూస్తున్నాడు. ఈ ఓనరు ఎప్పుడూ పదో తారీఖున అద్దెకు తప్ప కనపడడు.

"వింటున్నానయ్యా, వింటున్నాను. విదేశాలకి సరుకు పంపుతున్నావట. మాట వరసకైనా చెప్పావు కాదు!"

"అదేం లేదండీ, ఏదో రుసుము..."

"పెద్దవాళ్ళంతా ఇలాగే అంటారు. ఇదిగో చూడు, అంతర్జాతీయ వ్యాపారం చేస్తూ నువ్వు ఈ చిల్లర అద్దె ఇస్తుంటే తీసుకోవడానికి నాకు నామోషీగా ఉంటుంది. ఈ నెల నుంచి రెట్టింపు చేద్దాం. నీ పరువు కోసమే చెప్తున్నా."

గొడుగులాయన వద్దని చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాడు. ఈలోగా కుట్టుమిషను వెనక నుంచి ఆవిడ తలెత్తి, "అదెంత భాగ్యం లెండి" అనేసింది. ఓనరు గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు. ఈ దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ మొహం వెలుగుతోంది. ఈయనది వాడిపోయింది.

ఆ వెనకే ఎదురు కొట్టు కళ్ళద్దాలాయన వచ్చాడు. ఆయన వీధి వర్తకుల సంఘానికి కార్యదర్శి. పక్క మనిషి చొక్కా గుండీ ఊడితే కూడా మీటింగు పెట్టగలడు. అప్పటికే చినుకులు మొదలయ్యాయి. గుమ్మంలో నిలబడి గొడుగు ముడుస్తూ, "రేపు సాయంత్రం మా మేడ మీద సంఘం మీటింగు. మీరు మాట్లాడుతున్నారు. విదేశీ వ్యాపారంలో మెళకువలు. అందరికీ చెప్పేశాను" అన్నాడు.

"నాకేం మెళకువలు తెలుసండీ! మెలకువగా ఉండటమే కష్టంగా ఉంది."

"అదుగో, ఆ వినయమే కావాలి. మనవాళ్ళకి మంచి సరుకు విలువ తెలియాలండీ. ఇదిగో ఈ గొడుగు చూడండి. మీ దగ్గర కొనలేదని ఏమీ అనుకోకండేం. ఇది ఫారిన్ సరుకు. నెట్లో తెప్పించా. ఎక్కడో దీవి అట. పట్టుకు చూడండి, ఎంత తేలిగ్గా ఉందో!"

గొడుగులాయన పట్టుకున్నాడు. పట్టుకోగానే ఆయన చేతికి తెలిసిపోయింది. పిడి వంపు తనది. తెరిచి లోపలికి చూశాడు. గొడుగు నలుపు, ఊచల చివర కుట్టు మాత్రం ముదురు ఎరుపు. ఏనాడో చవగ్గా వస్తోందని ఆయన భార్య ఒక పెద్ద ఎర్రదారం రీలు కొంది. అది తరగదు, ఆవిడ పారేయదు. అందుకని గొడుగు ఏ రంగుదైనా, పైకి కనిపించని చోటల్లా ఆ ఎర్రదారమే.

"ఆ ఎర్రదారం చూశారా? అది అక్కడి ఫ్యాషను. మనవాళ్ళకి ఇలాంటివి చచ్చినా తట్టవు" అన్నాడు కళ్ళద్దాలాయన, గొడుగు వెనక్కి లాక్కుంటూ.

ఆ సాయంత్రమంతా గొడుగులాయన బుర్ర గిర్రున తిరిగింది. తన గొడుగు విదేశం వెళ్ళిందంటున్నారు. వెళ్ళిన గొడుగు ఎదురు కొట్టుకెలా వచ్చింది? పోనీ వచ్చింది, దీవి మీదుగా ఎందుకొచ్చింది? భార్యతో అందామంటే ఆవిడ ఎన్నడూ లేనిది కూనిరాగం తీస్తూ కుడుతోంది. ఆ రాగానికి అడ్డుపడటం ఆయనకు చేతకాలేదు. ఇక ఆ రుసుమైనా తీయించుకోకపోతే రెట్టింపు అద్దె ఎలా కడతాం అనుకుంటూ మర్నాడు పొద్దున్నే, ఆవిడ కుళాయికి వెళ్ళిన సమయం చూసి, ఆ ఆన్‌లైన్ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేశాడు. వాళ్ళు చాలాసేపు సంగీతం వినిపించారు. ఆయన కొంచెం కునుకు కూడా తీశాడు.

"నమస్కారం సార్, మీకేం సాయం చేయగలను?" అని ఒక అమ్మాయి గొంతు.

"అమ్మా, అంతర్జాతీయ రుసుమని నా దగ్గర ఒకటి కోస్తున్నారు. దాన్ని తీసేయాలి."

"అమ్మేవారు ఒక దేశం, కొనేవారు ఒక దేశం అయితే అది పడుతుంది సార్."

"నా గొడుగులు కొనేవాళ్ళు ఏ దేశమమ్మా?"

ఆ అమ్మాయి చూసి చెప్పింది. అది ఈ దేశమే. ఊరు చెప్పింది, అది ఈ ఊరే. ఒకటి రెండు వీధుల పేర్లు చదివింది. ఆయన రోజూ నడిచే వీధులు.

"మరి అందరూ ఇక్కడివాళ్ళే అయినప్పుడు రుసుమెందుకమ్మా?"

"వాళ్ళు ఇక్కడివాళ్ళే సార్. మీరే కాదు."

"నేనా?"

"అవును సార్. మీ ఖాతా ప్రకారం మీరు దీవిలో ఉంటారు." ఆ దీవికి ఏదో పేరు చెప్పింది. ఆయనకు ఒక్క అక్షరం పట్టుబడలేదు. "అక్కడ ఇప్పుడు అర్ధరాత్రి కదా సార్, ఇంకా పడుకోలేదా?"

"నాకు ఎక్కడున్నా నిద్ర లేదు తల్లీ" అన్నాడాయన. "నేను ఇక్కడివాణ్ణేనమ్మా. ఆ దీవి ఎటుందో కూడా తెలీదు. మార్చేయ్."

"మీరు ఇక్కడ ఉంటున్నట్టు రుజువు పంపాలి సార్. పరిశీలన అయ్యేదాకా మీ కొట్టు ఆగుతుంది. ఎన్నాళ్ళనేది చెప్పలేం."

"నేనిక్కడే చచ్చినట్టు పడున్నానని మా వీధంతా సాక్ష్యం చెప్తుంది."

"వీధి చెల్లదు సార్. ఇంకేమైనా సాయం కావాలా?"

అక్కర్లేదన్నాడు. దీవిలో మీ రోజు ఆనందంగా గడవాలి అని దీవించి ఆ అమ్మాయి ఫోను పెట్టేసింది.

గొడుగులాయన చెప్పులేసుకుని తిన్నగా గోడౌనుకు నడిచాడు. నిన్న వెళ్ళక్కర్లేదని సంబరపడిన చోటికే ఇవాళ వెళ్ళాల్సి వచ్చింది. గోడౌనంతా ప్లాస్టిక్ వాసన. దండాలకు వేలాడుతున్న రెయిన్‌కోట్ల మధ్య నుంచి తప్పుకుంటూ బావమరిదిని పట్టుకున్నాడు.

"ఒరేయ్, నా ఖాతా తెరిచినప్పుడు ఏ దేశం పెట్టావురా?"

"మన దేశమే బావా. అదేం ప్రశ్న?"

"ఎక్కడ కూర్చుని తెరిచావు?"

"కూర్చోలేదు. బండి మీద వస్తుంటే అక్క ఫోన్ల మీద ఫోన్లు. దార్లోనే ఆపి నింపేశా. ఆ రోజు కుంభవృష్టి. స్క్రీను మీద చినుకు పడ్డప్పుడల్లా దేశాలు పైకీ కిందికీ జారిపోయేవి. నేనూ వదల్లేదు, మళ్ళీ మళ్ళీ నొక్కి..." అతని గొంతు నెమ్మదించింది. "అయినా నేను తడవలేదు బావా, రెయిన్‌కోటు వేసుకున్నాగా."

"నువ్వు తడవలేదురా. ఫోను తడిసింది. అదే చేతిలో ఒక గొడుగుంటే నేనివాళ దీవిలో ఉండేవాణ్ణి కాదు."

జీవితంలో చాలా రోజుల తర్వాత గొడుగులాయనకు ఒక మాటన్నాక హాయిగా అనిపించింది. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. బావమరిది ఆయన చేతులు పట్టుకున్నాడు.

"అక్కతో మాత్రం అనకు బావా! నిన్నట్నుంచి ఎంత సంతోషంగా ఉందో. విదేశం లేదంటే మళ్ళీ కొట్టు మూసెయ్యమంటుంది. ఆలోచించుకో."

అది నిజం. ఆయన దారి పొడుగునా ఆలోచించుకున్నాడు. నోరు మూసుకుంటే కొట్టు ఉంటుంది. కానీ రెట్టింపు అద్దె కట్టాలి, రుసుము కట్టాలి, మేడ మీద నిలబడి మెళకువలు చెప్పాలి, రేపెవరైనా ఏ దేశమని అడిగితే దేశం పేరు కల్పించాలి. నిజం చెప్తే రెయిన్‌కోట్లు. అబద్ధమాడటానికి మనిషికి బోలెడు ఓపిక కావాలి. ఒకసారి ఆడితే సరిపోదు, రోజూ దాని ఆలనాపాలనా చూసుకోవాలి. ఆయన దగ్గర ఆ సరుకు లేదు. చెప్పేస్తాను, జరిగేది జరగనీ అనుకున్నాడు. అనుకున్నాడే గానీ ఇంటికొచ్చి, మీటింగు కోసం ఇస్త్రీ చీర కట్టుకుని అద్దం ముందు నిలబడ్డ భార్యను చూస్తే ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రానికి వాన పట్టుకుంది. మొగుడూ పెళ్ళాం ఒకే గొడుగులో కళ్ళద్దాలాయన మేడ ఎక్కారు. వెనకే రెయిన్‌కోటులోంచి నీళ్ళు కారుస్తూ బావమరిది. అది కళ్ళు పరీక్ష చేసే గది. గోడకు పెద్దవీ చిన్నవీ అక్షరాల అట్ట. తలుపు పక్కన తడి గొడుగులు పెట్టడానికి ఒక ప్లాస్టిక్ టబ్బు. గొడుగులాయన తన గొడుగు అందులో పెట్టబోతూ ఆగిపోయాడు. టబ్బు నిండా గొడుగులు. నల్లవి, నీలివి, బూడిద రంగువి. అన్నీ తనవే. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పరాయిది లేదు. ఆయన భార్య చెప్పులు విడుస్తూ అటు చూడలేదు. ముందు వరసలోకి వెళ్ళి కూర్చుంది.

కళ్ళద్దాలాయన పరిచయ వాక్యాలు మొదలుపెట్టాడు. మన వీధి పేరు సముద్రాలు దాటిందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. షాపు ఓనరు అందరికన్నా గట్టిగా కొట్టాడు. గొడుగులాయన అక్షరాల అట్ట ముందు నిలబడి భార్య వైపు చూశాడు. ఆవిడ చూపు కలిపి నవ్వింది.

"నాకు మాట్లాడటం రాదండీ. ఒక్క ముక్క చెప్పి కూర్చుంటాను. నా గొడుగులు ఏ దేశమూ వెళ్ళటం లేదు. మీకే వస్తున్నాయి. మా ఖాతాలో దేశం పొరపాటున తప్పు పడింది. మీరంతా ఆన్‌లైన్లో దీవి నుంచి తెప్పించుకున్నామంటున్న గొడుగులు ఈ ఎదురు కొట్టులో నేను చేసినవే. ఆ టబ్బులో ఉన్నవన్నీ నావే."

చప్పట్లు కొట్టబోయిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. బయట వాన మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయి, కాస్త కాస్తగా తగ్గింది. గొడుగులాయన అటు చూడలేక నేల చూశాడు. అయిపోయింది, రేపట్నుంచి రెయిన్‌కోట్లే అనుకున్నాడు.

ముందుగా తేరుకున్నది కళ్ళద్దాలాయన. నవ్వేశాడు.

"భలేవారండీ! హాస్యం కూడా ఉందే మీ దగ్గర!"

"హాస్యం కాదండీ. నిజం."

"ఏం నిజం? నా గొడుగు దీవి నుంచి ఒక్క రోజులో వచ్చింది. మీరైతే ఎదురు కొట్టులోంచి ఇటు పంపడానికి వారం తీసుకుంటారు."

"ఒక్క రోజులో ఎలా వచ్చిందో ఆలోచించండి మరి" అన్నాడు గొడుగులాయన నీరసంగా.

"అదేనండీ వాళ్ళ గొప్పతనం!" అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "నా గొడుగైతే మన భాష న్యూస్‌పేపర్లోనే చుట్టి పంపారు. కొనేవాడి మీద ఎంత గౌరవం ఉంటే అంత శ్రద్ధ తీసుకుంటారు!"

అందరూ తలలూపారు. షాపు ఓనరు లేచి టబ్బులోంచి ఒక గొడుగు లాగి, తెరిచి, అందరి మీదా నీళ్ళు చల్లుతూ తిప్పాడు. "నేను కొన్నదీ ఇదే. ఈ పనితనం చూడు. నీ కొట్టులో గొడుగు నేను ఎప్పుడైనా కొన్నానా? ఎందుకు కొనలేదు? నాసిరకం అనేగా!"

"లోపల ఎర్రదారం చూడండి. అది మా ఇంటి దారం" అన్నాడు గొడుగులాయన.

కళ్ళద్దాలాయన ఒక్కో గొడుగే తీసి లోపలికి చూశాడు. గొడుగులాయన తెచ్చుకున్న గొడుగు కూడా తీసి చూశాడు. అన్నిట్లోనూ ఎర్రదారమే. ఆయన మొహం గంభీరంగా మారింది.

"ఇప్పుడర్థమైంది. ఫారిన్ గొడుగుల్ని చూసి మీరు కాపీ కొడుతున్నారన్నమాట. తోటి వర్తకులండీ, ఏమీ అనుకోకండి గానీ, దారంతో సహా దించెయ్యడం ఏమీ బాగోలేదు."

"కాపీనా?"

ఆ గొంతు ముందు వరస నుంచి వచ్చింది. ఆవిడ లేచి నిలబడింది. ఆ గొంతు విన్నవాళ్ళకు కొంచెం వెనక్కి జరగాలనిపించింది. ఆవిడ తమ్ముడు నిజంగానే జరిగాడు. అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

"ఏమిటన్నయ్యగారూ, కాపీనా? ఆ దారం రీలు మా మంచం కింద ఉంది. వచ్చి చూస్తారా? ఒక్కో కుట్టూ నా వేళ్ళతో నేను వేసుకున్నది. వేసీ వేసీ నా కళ్ళు పోతే మీ దగ్గరే అద్దాలు చేయించుకున్నాను. ఆ అద్దాల్లోంచే కుట్టాను ఈ గొడుగులన్నీ. నాసిరకమట! ఓనరుగారూ, మీరు తిప్పుతున్నది పోయిన నెల కుట్టింది. ఆ మూల గుడ్డ కాస్త తక్కువైతే అతుకేశాను. చూసుకోండి."

ఓనరు చూసుకున్నాడు. అతుకు ఉంది. ఆయన గొడుగు మూసేశాడు.

"ఇన్నాళ్ళూ మా కొట్టు మొహం చూడలేదు ఒక్కరూ. దీవి పేరు చెబితే ఎగబడి కొన్నారు. పైగా కాపీ అంటారా? అన్నట్టు ఓనరుగారూ, ఎగుమతీ లేదు ఏమీ లేదని మీ చెవులతో మీరే విన్నారుగా. అద్దె పాతదే. ఏమండీ, పదండి."

మీటింగు అంతటితో ముగిసింది. కార్యదర్శి వందన సమర్పణ చేయబోయాడు గానీ వినేవాళ్ళు లేరు. అందరూ టబ్బు మీద పడ్డారు. అన్నీ ఒకే చేతి గొడుగులు, మూడే రంగులు. "అది నాది", "కాదు, నా ఫారిన్ గొడుగు నాకు తెలీదా" అని తోపులాట మొదలైంది. ఆ గొడవలో గొడుగులాయన గొడుగు ఎవరో పట్టుకుపోయారు. టబ్బులో నీళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు.

మెట్ల కింద ముగ్గురూ నిలబడ్డారు. వాన తగ్గే ఉద్దేశంలో లేదు. బావమరిది తన బండి డిక్కీలోంచి రెండు కొత్త రెయిన్‌కోట్లు తీసి, "వేసుకో అక్కా. బావా, నువ్వు కూడా" అన్నాడు. అతను మంచివాడే, కాదనలేం.

ఆవిడ ఆ రెయిన్‌కోటు వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసింది.

"అక్కర్లేదు. తడుస్తాం" అంది.

తడుస్తూనే ఇంటికి నడిచారు. సగం దారిలో గొడుగులాయనే ధైర్యం చేశాడు.

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. మీ మీద కాదు." కాసేపాగి అంది. "టబ్బు నిండా మనవేనా అండీ?"

"అన్నీ."

"నేను చూడనే లేదు. ఒక్కసారి చూడాల్సింది." ఆవిడ కొంగు పిండుకుంది. "రేపు పొద్దున్నే కొట్టు తీయండి. ఎంతమందికి గొడుగులు మారిపోయాయో ఏమో, మళ్ళీ ఆర్డర్లు పెడతారు."

"ఆ దేశం మార్పించనా? రుసుము తప్పుతుంది."

"మారిస్తే కొంటారంటారా?"

గొడుగులాయన ఆలోచించాడు. "కొనరు" అన్నాడు.

"ఉండనీండి మరి. గొడుగుకి కాస్త ధర పెంచుదాం. దాచిందేముంది, మీరు నిలబడి మరీ చెప్పారుగా! చెప్పినా నమ్మకపోతే ఏం చేస్తాం?"

ఆ రాత్రి ఆయన ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. రెయిన్‌కోట్లు కల్లోకి కూడా రాలేదు. ఆవిడ అన్నట్టే ఆర్డర్లు పెరిగాయి. మేడ మీద జరిగింది వీధంతా చెప్పుకున్నారు గానీ, చెప్పుకునేకొద్దీ అది గొడుగులాయన ఫారిన్ గొడుగుల్ని చూసి ఎంత బాగా కాపీ కొడుతున్నాడన్న కథగా మారిపోయింది. ఆయన దిద్దలేదు. ఒకసారి నిజం చెప్పడానికే ఆయనకు ఏడాదికి సరిపడా ఓపిక ఖర్చయింది.

కొన్నాళ్ళకు గట్టి గాలివాన వచ్చింది. మర్నాడు కళ్ళద్దాలాయన అటూ ఇటూ చూసి, ఊచ వంగిన గొడుగుతో కొట్టు లోపలికి వచ్చాడు. ఆయన ఆ కొట్టు గడప దాటడం అదే మొదలు.

"అసలైతే దీన్ని కంపెనీకే పంపాలి. కానీ దీవికి పంపడమంటే తలనొప్పి. మీరు వీటిని దగ్గర్నుంచి పరిశీలించారు కదా, బాగుచేయగలరా? జాగ్రత్తండోయ్, ఫారిన్ సరుకు."

మిషను చప్పుడు ఆగింది. ఆవిడ ఏదో అనబోయింది. గొడుగులాయన చేత్తోనే వద్దన్నాడు. ఊచ సరిచేసి, ఎర్రదారంతో మళ్ళీ కుట్టించి, గొడుగు పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఆ తర్వాత చీటీ రాశాడు. మరమ్మతుకు ఇంత అని వేసి, ఒక్క క్షణం ఆలోచించి, దాని కింద ఇంకో ముక్క చేర్చాడు.

కళ్ళద్దాలాయన కళ్ళజోడు పైకి జరుపుకుని చదివాడు. "అంతర్జాతీయ రుసుమా?" అన్నాడు.

"ఫారిన్ సరుకు కదండీ" అన్నాడు గొడుగులాయన.

కళ్ళద్దాలాయన మారు మాట్లాడకుండా కట్టేసి వెళ్ళాడు.